పలకాకు, గాయపాకు, రావణాసురుడి తల: గడ్డి చామంతి పేర్లలో దాగిన సంగతులు

గట్టు మీద గడ్డి కోస్తుంటే కొడవలి జారి వేలికి తగులుతుంది. కోసే మనిషి కొడవలి పక్కన పడేసి చుట్టూ చూస్తుంది. నాలుగడుగుల దూరంలో ఆ ఆకు ఉండనే ఉంటుంది. గుప్పెడు తుంచి, దుమ్ము దులిపి, రెండు అరచేతుల మధ్య గట్టిగా నలుపుతుంది. గరుకుగా ఉన్న ఆకు కాసేపటికి మెత్తటి ముద్దవుతుంది. పిండితే ముదురాకుపచ్చ పసరు నాలుగు చుక్కలు గాయం మీద పడతాయి. చురుక్కుమంటుంది. మిగిలిన పిప్పిని గాయం మీద ఒత్తిపెట్టి, పాత గుడ్డ పేలికతో కట్టు కడుతుంది. పది నిమిషాల్లో కొడవలి మళ్ళీ చేతికొస్తుంది.

పొలం పని తెలిసిన తెలుగువాళ్ళకి ఇదేమీ కొత్త కాదు. ఆ ఆకు గడ్డి చామంతిది. ఎర్ర చెలకల్లో, బీళ్ళలో, రైలు పట్టాల పక్కన, బడి ఆవరణలో, చివరికి అపార్ట్‌మెంట్ గోడకీ సిమెంటు రోడ్డుకీ మధ్య పగులులో కూడా మొలిచే మొక్క. నేలకి ఆనుకుని పాకే కాండం, దాని మీంచి పొడుగ్గా లేచిన ఒంటికాడ, కాడ చివర రూపాయి బిళ్ళంత కూడా లేని పువ్వు, అంతే. అయినా దీనికి తెలుగులో ఉన్నన్ని పేర్లు, తోటల్లో నీళ్ళు పోసి పెంచుకునే చాలా పూలకి లేవు. ఒక్కో పేరూ విప్పి చూస్తే జనం ఈ మొక్కని ఎలా వాడారో, దాంట్లో ఏం గమనించారో తెలిసిపోతుంది. ఏది నిజంగా తెలిసిన సంగతి, ఏది ఈమధ్య అతికించిన మాట అనేది తేల్చుకోడానికి కూడా ఆ పేర్లే పనికొస్తాయి.

పలక మీద ఆకు

తెలంగాణలో చాలాచోట్ల దీన్ని పలకాకు అంటారు. నల్లాలం అనే పేరూ ఉంది. రాతి పలక మీద బలపంతో రాసి తడిగుడ్డతో తుడిస్తే అక్షరాలు పోతాయి కానీ పల్చటి తెల్లపొర ఒకటి మిగిలిపోతుంది. నాలుగు రోజులు అలాగే వాడితే పలక బూడిదరంగుకి తిరుగుతుంది. ఇక దాని మీద ఏం రాసినా సరిగ్గా కనపడదు. అప్పుడు పిల్లలు బడి వెనక ఖాళీ జాగాలోకి పరిగెత్తి ఈ ఆకు కోసుకొచ్చి, పలక మీద వేసి అరచేత్తో రుద్దేవాళ్ళు. కొందరు బొగ్గుముక్క కూడా కలిపేవాళ్ళు. కడిగి ఎండలో పెడితే పలక మళ్ళీ కొత్తదానిలా నల్లగా తేలేది.

ఇందులో కిటుకేమిటో ఆకుని వేలితో నిమిరితే తెలుస్తుంది. రెండు వైపులా బిరుసైన నూగు. ముందుకి నిమిరినా వెనక్కి నిమిరినా వేలికి గరగరలాడుతుంది. సన్నరకం ఉప్పుకాగితం ఎలా ఉంటుందో అలా. నలిపితే పసరు వస్తుంది. అంటే రుద్దే గరుకూ, కడిగే తడీ రెండూ ఒకే ఆకులో ఉన్నాయన్నమాట. ఎనిమిదేళ్ళ పిల్లలు దీన్ని ఎవరూ చెప్పకుండానే ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. రాతి పలకలు పోయి ప్లాస్టిక్ పలకలూ నోటుపుస్తకాలూ వచ్చాక ఆ పని పోయింది. పేరు మాత్రం నిలిచింది. పలక పట్టుకోని పిల్లలు కూడా కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ పలకాకు అనే అంటారు.

రావణాసురుడి తల అనే పేరు కూడా పిల్లల ఆటలోంచే వచ్చింది. పువ్వుని కాడతో సహా కోసి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, బొటనవేలి గోటితో మెడ దగ్గర ఒక్కటిస్తే పూతల టప్పున ఎగిరి పడుతుంది. ఎవరి రావణుడి తల దూరం పోతే వాళ్ళు గెలిచినట్టు. తమిళ పిల్లలు దీన్నే తాత పువ్వు అంటారు, వాళ్ళూ తలే ఎగరగొడతారు. ఆకుల్లేని ఒంటికాడ జానెడు పైగా పెరిగి, చివర ఒకే ఒక్క తలకాయ ఉండటం వల్లే ఈ ఆట సాధ్యమవుతుంది. ఇంకో సంగతి. ఒక తల తెంపితే పక్క కణుపు నుంచి ఇంకో కాడ లేస్తుంది. పేరు పెట్టిన పిల్లలు రామాయణం విన్నవాళ్ళే, మొక్కనీ బాగా చూసినవాళ్ళే.

మరాఠీలో ఒక పేరు ఏకదాండీ, అంటే ఒంటికాడది. తమిళంలో వెట్టుక్కాయ పూండు, అంటే తెగిన గాయానికి వాడే మొక్క. తెలుగులో కొన్నిచోట్ల గాయపాకు అంటారు. ఒకరి పేరు మొక్క రూపాన్ని పట్టుకుంది, ఇంకొకరి పేరు దాని పనిని పట్టుకుంది.

ఒక పువ్వు కాదు, పూల ఊరు

పువ్వుని దగ్గరగా చూడాలి. అంచున లేత పసుపో, మీగడ తెలుపో రంగులో నాలుగైదు రేకులు. ప్రతి రేకు కొసనా మూడు పళ్ళు, కత్తెరతో కత్తిరించినట్టు. మధ్యలో పసుపుపచ్చటి బొడిపె. నిజానికి ఆ బొడిపె ఒక్క ముక్క కాదు. చిన్న చిన్న గొట్టాల్లాంటి పూలు పదుల కొద్దీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. ప్రతి గొట్టం అంచూ అయిదుగా చీలిన ఒక పూర్తి పువ్వు. మనం రేకు అనుకునేది కూడా విడిగా ఒక పువ్వే. పొద్దుతిరుగుడు, బంతి, చామంతి, మాచిపత్రి అన్నీ ఈ కుటుంబానివే. వీటిలో మనం ఒక పువ్వు అనుకుని కోసేది నిజానికి పూల గుత్తి.

ఒక్కో చిన్న పువ్వూ ఒక్కో గింజనిస్తుంది. ముదురు గోధుమరంగులో, రెండు మిల్లీమీటర్ల పొడవున, నెత్తిన ఈకల్లాంటి వెంట్రుకల కుచ్చుతో ఉంటుంది. ఎండ బాగా కాసినప్పుడు ఆ కుచ్చులన్నీ విచ్చుకుని కాడ చివర తెల్లటి బంతిలా అవుతాయి. ఊదితే చెల్లాచెదురవుతాయి. ఊదేవాళ్ళు లేకపోయినా గాలి ఊరుకోదు.

ఇది ఏడాదితో చచ్చిపోయే మొక్క కాదు. వేసవిలో పైభాగం మాడినట్టున్నా లోతుగా దిగిన తల్లివేరు బతికే ఉంటుంది. నాలుగు చినుకులు పడితే చిగురిస్తుంది. కాండం నేల మీద పాకుతూ, తడి తగిలిన చోట కణుపు దగ్గర కొత్త వేళ్ళు వేస్తుంది. మేక కొరికినా, మనిషి తొక్కినా, చక్రం ఎక్కినా పడుకునే ఉన్న మొక్కకి కొత్తగా పోయేదేముంది. వానలు తక్కువ పడే గడ్డి నేలల్లో ఇది ఇంతగా నిలదొక్కుకోడానికి కారణం ఇదే.

సొంతూరు వెరాక్రూజ్

ఇంతగా మనదైపోయిన ఈ మొక్క మన నేలది కాదు. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో దీనికి ట్రైడాక్స్ ప్రోకంబెన్స్ అని పేరు పెట్టినప్పుడు, ఇది పుట్టిన చోటు మెక్సికోలోని వెరాక్రూజ్ అని రాశాడు. ప్రోకంబెన్స్ అంటే లాటిన్‌లో నేల మీద వాలి ఉండేది. ట్రైడాక్స్‌కి మూలమైన గ్రీకు మాట పాత రోజుల్లో లెట్యూస్ ఆకుకూరకి వాడినది. మెక్సికో నుంచి మధ్య అమెరికా దాకా ఉన్న వేడి ప్రాంతాలు దీని పుట్టినిల్లు. ఓడల వ్యాపారం మొదలయ్యాక ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా ఉష్ణమండలాలన్నిటికీ పాకింది. 19వ శతాబ్దం చివరికల్లా బ్రిటిష్ ఇండియా మొక్కల గ్రంథాల్లో అమెరికా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కలుపుగా చేరింది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద వచ్చిన గ్రంథంలోనూ ఉంది. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే.

ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఇంటర్నెట్‌లో తిరిగే సగం మాటలు వాటంతటవే రాలిపోతాయి. "చరకుడు చెప్పిన గడ్డి చామంతి", "సుశ్రుతుడు వాడిన మూలిక" అని వీడియోల్లో వింటుంటాం. కొలంబస్ అమెరికా తీరం చేరింది 1492లో. చరక, సుశ్రుత సంహితలు అంతకు వెయ్యేళ్ళకు పైగా ముందటివి. అట్లాంటిక్ అవతలి మొక్క వాటిలోకి వచ్చే దారే లేదు. కొన్నిచోట్ల దీనికి జయంతి అనే సంస్కృత నామం కూడా తగిలిస్తున్నారు. ఆయుర్వేదంలో జయంతి అంటే అవిసెకి దగ్గరి చుట్టమైన వేరే చెట్టు. వినాయక చవితి ఇరవయ్యొక్క పత్రిలో ఇదే కుటుంబానికి చెందిన మాచీపత్రం మొదటిది. గడ్డి చామంతికి ఆ పట్టికలో చోటు లేదు.

అలాగని ఈ మొక్క వైద్యం సంప్రదాయం కాదంటే మాత్రం పొరపాటు. సంప్రదాయం అంటే వేల ఏళ్ళ నాటిదే అయ్యుండాలన్న లెక్క ఎక్కడా లేదు. మిరపకాయ మెక్సికో వైపు నుంచి పోర్చుగీసు ఓడల్లో 16వ శతాబ్దంలో వచ్చింది. మిరప లేని ఆవకాయని ఇవాళ ఊహించగలమా? వేరుశనగ దక్షిణ అమెరికాది. అనంతపురం రైతు బతుకంతా దాని చుట్టూ తిరిగింది. బతుకమ్మలో పసుపుపచ్చగా మెరిసే బంతి కూడా మెక్సికో పువ్వే, పైగా గడ్డి చామంతికి చుట్టం. వచ్చినవాటిని జనం వాడి చూశారు, పనికొస్తే పేరు పెట్టి ఉంచుకున్నారు. గడ్డి చామంతి విషయంలో జరిగిందీ అదే. తాళపత్రాల్లో లేని జ్ఞానం ఇది. గట్టు మీద, పశువుల కొట్టంలో, బడి వెనక పుట్టింది. సంస్కృత శ్లోకం అతికిస్తే దానికి గౌరవం పెరగదు. దాన్ని కనిపెట్టిన కూలీలు, కాపర్లు, పిల్లలు కనుమరుగైపోతారు, అంతే.

పుట్టింటి వైపు చూస్తే ఇంకో ఆసక్తికరమైన సంగతి కనిపిస్తుంది. గ్వాటెమాలాలో, మెక్సికోలో స్పానిష్ మాట్లాడేవాళ్ళు దీన్ని యెర్బా దెల్ తోరో అంటారు, అంటే ఎద్దు మూలిక. అక్కడి పల్లె వైద్యంలోనూ దీన్ని గాయాలకి, చర్మపు పుండ్లకి వాడతారు. గ్వాటెమాలా రైతుకీ తెలుగు రైతుకీ మధ్య మాటామంతీ ఏనాడూ లేదు. అయినా ఇద్దరూ ఒకే ఆకుని ఒకే పనికి నలిపారు. ఇందులో ఏదో ఉందని అనిపించడం సహజం. కానీ ఇక్కడే కాస్త ఆగి ఆలోచించాలి.

పసరు ఏం చేస్తుంది

చిన్న కోత నుంచి వచ్చే రక్తం ఏ మందూ వేయకపోయినా కొన్ని నిమిషాల్లో ఆగుతుంది. వేలితో గట్టిగా ఒత్తిపట్టుకుంటే ఇంకా త్వరగా ఆగుతుంది. ఆకు నలిపి ముద్దచేసి గాయం మీద పెట్టి కట్టు కట్టడమంటే ఒక విధంగా ఒత్తిపట్టుకోవడమే. కాబట్టి రక్తం ఆగినంత మాత్రాన ఆ గొప్పంతా ఆకుదే అనలేం. ప్రపంచంలో ఏ మూలకి వెళ్ళినా గాయానికి కట్టే ఆకు ఒకటి ఉంటుంది. గాయం దానంతటదే మానే గుణం ఉన్నది కాబట్టి ప్రతి ఆకుకీ కొంత మంచిపేరు వచ్చేస్తుంది. మనుషులకీ పశువులకీ వాడి చూశామన్న అనుభవం విలువైనదే, కానీ అది ఒక్కటే చాలదు. ఆకు వేసిన గాయాన్నీ వేయని గాయాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

అలా చూసిన పరిశోధనలు మన దేశంలోనే జరిగాయి. 1982లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఎలుకల గాయాల మీద ఈ మొక్క ప్రభావం గురించి వ్యాసం వచ్చింది. తరవాత కూడా ఆ వరసలో చాలా పరీక్షలు జరిగాయి. వాటిలో ఒక పద్ధతి బాగా తెలివైనది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇస్తే గాయాలు ఆలస్యంగా మానతాయి. ఎలుకలకి ఆ మందిచ్చి, గాయం మానడం మందగించాక ఈ మొక్క రసం ఇచ్చి చూశారు. స్టెరాయిడ్ వల్ల ఆగిపోయిన కొత్త చర్మం పొర మళ్ళీ పెరిగింది, గాయం అతుకు బలం కూడా మెరుగుపడింది. అయితే గాయం అంచులు దగ్గరికి లాక్కోవడంలో మాత్రం తేడా రాలేదు. అంటే కొన్ని పనుల్లో సాయం చేస్తోంది, కొన్నిటిలో లేదు. నిజాయితీగా చేసిన పరీక్ష ఇలాంటి సగం సగం జవాబే ఇస్తుంది. అన్ని రోగాలకీ మందు అన్న జవాబు ఎప్పుడూ ఇవ్వదు.

ఆకులో టానిన్లు ఉన్నాయి. కరక్కాయ నమిలితే నోరు పట్టేసినట్టు అనిపించే వగరు వీటిదే. అవి గాయం పైపొరలోని మాంసకృత్తులని ముడుచుకునేలా చేస్తాయి, సన్నటి రక్తస్రావం తగ్గడానికి అది తోడ్పడుతుంది. వాపుని తగ్గించే గుణమున్న ఫ్లేవనాయిడ్లు కూడా ఇందులో ఉన్నాయి. కొన్ని రకాల బాక్టీరియా పెరుగుదలని ఆకు సారం అడ్డుకున్నట్టు ప్రయోగశాలల్లో తేలింది.

మెక్సికోలో యూకటాన్ ప్రాంతంలో ఇంకో దారిలో వెళ్ళారు. అక్కడి అడవుల్లో చ్యూయింగ్ గమ్‌కి వాడే చెట్టు జిగురు సేకరించే కూలీలకి చెవి మీద మొండి పుండు పడుతుంది. జిగురు సేకరించేవాళ్ళని చిక్లెరోలు అంటారు కాబట్టి దానికి చిక్లెరో పుండు అనే పేరొచ్చింది. ఇసుక ఈగ కుట్టడం వల్ల ఒంట్లోకి చేరే లీష్మేనియా అనే పరాన్నజీవి దానికి కారణం. మన బీహార్‌లో కాలా అజార్ జ్వరం తెచ్చేది కూడా ఈ జాతికి చెందిన జీవే. గడ్డి చామంతిని చర్మపు పుండ్లకి వాడే అలవాటు అక్కడ ఉండటంతో, పరిశోధకులు ఈ మొక్క నుంచి ఒక్కో పదార్థాన్నీ విడదీసి చూశారు. వాటిలో ఒకటి గాజు పాత్రలో ఆ పరాన్నజీవి మీద పనిచేసింది. పల్లె అలవాటు దారి చూపితే ప్రయోగశాల దాన్ని పట్టుకుని వెళ్ళడమంటే ఇదే. అయితే గాజు పాత్రకీ మనిషి చెవికీ మధ్య చాలా దూరం ఉంది.

ధనుర్వాతం సంగతి

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఈ మొక్క నేల మీద పడుకుని పెరుగుతుంది. ఆకులంతా నూగు. ఆ నూగులో మట్టి, పేడ దుమ్ము ఇరుక్కుంటాయి. ధనుర్వాతం తెచ్చే బాక్టీరియా బీజాలు ఉండేది సరిగ్గా అక్కడే, మట్టిలో, పశువుల పేడలో. అవి ఎండకీ వానకీ చావకుండా ఏళ్ళ తరబడి బతుకుతాయి. లోతుగా దిగిన గాయంలోకి చేరి, గాలి తగలని చోట మేల్కొంటాయి. పొలంలో కోసిన ఆకుని కడక్కుండా నలిపి లోతు గాయంలో కూరడమంటే రోగాన్ని చేతులారా లోపలికి పంపడమే. పసరుకి కొన్ని బాక్టీరియాల మీద పనిచేసే గుణం ఉందని చెప్పి ధనుర్వాతం బీజాల విషయంలో ధీమాగా ఉండకూడదు.

బాలింతలకి, పురిటి బిడ్డలకి వచ్చే ధనుర్వాతాన్ని మన దేశం దాదాపుగా తుడిచిపెట్టిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించింది. అది సాధ్యమైంది టీకాల వల్ల, శుభ్రమైన కాన్పుల వల్ల. పొలం పనిచేసే పెద్దవాళ్ళకి మాత్రం ఆ ముప్పు ఇప్పటికీ ఉంది. చిన్న గీతకి శుభ్రంగా కడిగిన ఆకు పసరు రాసుకోవడం వేరు. మేకు దిగినప్పుడు, కొడవలి ఎముక దాకా తగిలినప్పుడు, కుక్క కరిచినప్పుడు పసరు మీద ఆధారపడటం వేరు. అలాంటప్పుడు ముందు సబ్బు, ధారగా పడే నీళ్ళు, తరవాత ఆస్పత్రి, సూది. షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండుకి ఇది అస్సలు పనికిరాదు. ఆ పుండు పైకి కనపడేదానికన్నా లోపల చాలా పెద్దది.

ఇంకో ప్రమాదం ఈ తరానిది. పాత రోజుల్లో గట్టు మీది ఆకు అంటే వట్టి ఆకే. ఇప్పుడు గట్ల మీద కలుపు మందు కొడుతున్నారు. రోడ్డు పక్కన, రైలు పట్టాల పక్కన కూడా కొడుతున్నారు. మందు పడిన ఆకు వాడిపోవడానికి రోజులు పడుతుంది, ఈలోగా చూడ్డానికి పచ్చగానే ఉంటుంది. అమ్మమ్మ వాడింది కదా అని కోసేముందు, అమ్మమ్మ కోసిన గట్టు వేరు, ఈ గట్టు వేరు అని గుర్తుపెట్టుకోవాలి.

కాడి ఒరుసుకుని ఎద్దు మెడ మీద పడే పుండ్లకి, గొర్రెలకీ మేకలకీ ముళ్ళు గీరుకున్న గాయాలకి కాపర్లు ఈ పసరు పిండుతుంటారు. ఎండిన మొక్కని పొగబెట్టి దోమల్ని తోలడం కూడా ఉంది. కుందేళ్ళు పెంచేవాళ్ళు మేతగా వేస్తారు, అవి ఇష్టంగా తింటాయి. ఇవన్నీ తేలిగ్గా నమ్మదగ్గ వాడకాలు.

నమ్మకూడనివి ఫోన్లో వచ్చేవి. పరగడుపున రసం తాగితే షుగర్ పోతుందని, కిడ్నీలో రాళ్ళు కరుగుతాయని, మొలలు మాయమవుతాయని, బట్టతల మీద జుట్టు మొలుస్తుందని ఎవరో ఒకరు రోజూ చెబుతూనే ఉంటారు. షుగర్ గురించి ఎలుకల మీద పరీక్షలు జరిగిన మాట నిజమే. అవి మందు వేసి షుగర్ తెప్పించిన ఎలుకలు, ఇచ్చింది కొలతపెట్టి తీసిన సారం. మిక్సీలో వేసి గ్లాసుడు తాగే రసంలో ఎంత మోతాదు వెళ్తోందో, వేసుకుంటున్న మాత్రతో కలిసి అది ఏం చేస్తుందో చెప్పేవాళ్ళెవరూ లేరు. తెలుగు పల్లె అనుభవంలో ఈ మొక్క ప్రధానంగా ఒంటి మీద రాసుకునేది. దానికి పుట్టిన పేర్లు చూడండి. గాయం ఉంది, పలక ఉంది, ఆట ఉంది. తాగేది అని చెప్పే పేరు ఒక్కటీ కనపడదు.

ఏది గడ్డి చామంతి, ఏది కాదు

జుట్టు నూనెల దగ్గర పెద్ద తికమక ఉంది. జుట్టుకి పేరుపడిన భృంగరాజం అంటే గుంటగలగర. అదీ ఈ కుటుంబమే. కానీ కొందరు దాని బదులు గడ్డి చామంతినే భృంగరాజమని ఇచ్చేస్తుంటారు. తేడా పట్టడం కష్టం కాదు. గుంటగలగర తడి నేలల మొక్క, కాలవ గట్లలో, వరిమళ్ళ అంచుల్లో ఉంటుంది. దాని పువ్వు తెల్లగా, గుండీ అంత, పొట్టి కాడ మీద ఉంటుంది. ఆకు సన్నగా ఉంటుంది, నలిపితే పసరు కాసేపటికి నల్లబడుతుంది. పూర్వం పచ్చబొట్లకి ఆ పసరు వాడింది ఆ నలుపు కోసమే. గడ్డి చామంతి ఆకు వెడల్పుగా, అంచుల్లో లోతైన గంట్లతో ఉంటుంది, కాడ పొడుగు, రేకు కొసన మూడు పళ్ళు.

రెండో తికమక ప్రమాదకరమైనది. వయ్యారిభామ కూడా ఇదే కుటుంబం, అదీ అమెరికా నుంచి వచ్చిందే. 1950లలో పుణె దగ్గర కంటపడి, కొన్ని దశాబ్దాల్లో దేశమంతా అల్లుకుపోయింది. దాని ఆకు క్యారెట్ ఆకులా సన్నగా చీలి ఉంటుంది, పువ్వులు తెల్లటి ముగ్గుచుక్కల్లా గుత్తులుగా ఉంటాయి. చర్మానికి తగిలితే దురద, దద్దుర్లు, కొందరికి ఉబ్బసం. దాన్ని నలిపి గాయం మీద పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. చామంతి కుటుంబం మొక్కలు పడనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళకి గడ్డి చామంతి పసరు కూడా దద్దుర్లు తేవచ్చు.

ఒకే ఖండం నుంచి, ఒకే కుటుంబం నుంచి వచ్చిన ఈ రెండు మొక్కల్లో ఒకదాన్ని జనం మందుగా దాచుకున్నారు, ఇంకోదాన్ని పీకి తగలబెడుతున్నారు. పుట్టింది ఎక్కడన్నది జనం చూడలేదు. చేతికి తగిలినప్పుడు ఏం చేసిందన్నదే చూశారు.

రైతు లెక్కలో మాత్రం గడ్డి చామంతి కూడా కలుపే. వేరుశనగ, ఆముదం, కంది లాంటి మెట్టపైర్లలో, పండ్లతోటల్లో మొండిగా మొలుస్తుంది. గుంటక తోలితే పైకి వచ్చిన ముక్క తడి నేల మీద పడితే మళ్ళీ వేరు పట్టే అవకాశముంది. అమెరికా ప్రభుత్వం దీన్ని హానికర కలుపు మొక్కల జాబితాలో పెట్టింది. అనుమతి లేకుండా విత్తనాలు అక్కడికి తీసుకెళ్ళడం నిషిద్ధం. ఫ్లోరిడా ఎండలో అయితే ఇది ఇప్పటికే పాదుకుపోయింది. సెలవులకి వచ్చి వెళ్ళే తెలుగువాళ్ళు ఆకుల పొడి, ఎండిన మొక్కలు సూట్‌కేసులో పెట్టుకునేముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

నగరాల్లో పచ్చిక బయళ్ళు చదును చేసేటప్పుడు మొదట పీకేసేది దీన్నే. అక్కడ ఒక నష్టం జరుగుతోంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. ఈ మొక్క ఏడాది పొడవునా పూస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో చుట్టూ అంతా ఎండి గోధుమరంగుకి తిరిగినప్పుడు, గడ్డి నేలలో చిన్న సీతాకోకచిలకలకి తేనె దొరికే అతి కొద్ది పూలలో ఇదొకటి. పసుపుపచ్చటి గడ్డి చిలకలు, గోరంత నీలి చిలకలు దీని చుట్టూనే తిరుగుతాయి.

ఉదయం ఎనిమిదింటికి ఒక పువ్వు ముందు కూర్చుంటే అదంతా కళ్ళారా కనిపిస్తుంది. బొడిపెలోని గొట్టాలన్నీ ఒకేసారి విచ్చుకోవు. బయటి వరస ముందు తెరుచుకుంటుంది, లోపలి వరసలు తరవాత ఒక్కొక్కటిగా. చిలక వచ్చి మీగడరంగు రేకు మీద కాళ్ళు ఆనిస్తుంది. చుట్టుకుని ఉన్న తొండాన్ని విప్పి, తెరుచుకున్న మొదటి గొట్టంలో దించుతుంది. తీసి పక్కదానిలో. మళ్ళీ పక్కదానిలో. గడియారం ముల్లులా తలంతా చుట్టి వచ్చేసరికి పొడుగాటి కాడ సన్నగా ఊగుతుంటుంది. ఈలోగా పక్క కాడ మీద మొన్నెప్పుడో పూసిన పువ్వు తెల్లటి కుచ్చుగా మారడానికి సిద్ధమవుతూ, ఎండ ముదరడం కోసం చూస్తుంటుంది.